అంటువ్యాధి రోజుల్లో మన వీధి హోటలు, మన వీధి కొట్టు



మీ ఇంటి గుమ్మం దాటి ఓ రెండు వందల అడుగులు నడవండి. ఏమేమి కనిపిస్తాయి? ఒక కిరాణా కొట్టు, ఒక టిఫిన్ హోటలు, ఒక కర్రీ పాయింటు, మూలమీద టీ బండి, చెట్టు కింద ఇస్త్రీ బండి. రోజూ చూసేవే కాబట్టి వాటి గురించి మనం పెద్దగా ఆలోచించం. అవి మూతపడిన రోజున మాత్రం వీధి వీధిలా ఉండదు. 2020లో మనమందరం ఆ దృశ్యం చూశాం. మీలో చాలామంది అప్పటికి చిన్న తరగతుల్లో ఉండి ఉంటారు.

అంటువ్యాధి వచ్చినప్పుడు రెండు ప్రశ్నలు ఒకేసారి ఎదురవుతాయి. జనం ప్రాణాలు ఎలా కాపాడుకోవాలి? జనం బతుకుతెరువు ఎలా కాపాడుకోవాలి? ఈ రెండూ ఒకదానికొకటి శత్రువులని, ఒకటి కావాలంటే రెండోది వదులుకోవాలని చాలామంది అనుకుంటారు. అది సగం మాత్రమే నిజం. వ్యాధి ఏ దారిన వస్తుందో తెలిస్తే రెండింటినీ చాలా మేరకు కలిపి కాపాడుకోవచ్చు. అందుకు కొంచెం భౌతికశాస్త్రం, కొంచెం జీవశాస్త్రం, ఇంటర్మీడియట్ స్థాయి గణితం చాలు. ఈ పాఠంలో ఆ విషయమే తెలుసుకుందాం.

ముందుగా, జరిగినది

మన దేశంలో మొదటి కోవిడ్ కేసు 2020 జనవరి 30న కేరళలో బయటపడింది. అదే రోజు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతర్జాతీయ ప్రజారోగ్య అత్యవసర పరిస్థితిని ప్రకటించింది. మార్చి 22న జనతా కర్ఫ్యూ, మార్చి 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్ అమలయ్యాయి. కిరాణా, కూరగాయలు, పాలు, మాంసం, చేపల దుకాణాలకు మినహాయింపు దొరికింది. హోటళ్ళలో కూర్చుని తినడం ఆగిపోయింది. ఏప్రిల్ చివరి వారంలో ఇళ్ళ మధ్య ఉండే చిన్న దుకాణాలకు కొంత సడలింపు వచ్చింది. హోటళ్ళు తెరుచుకోవడం జూన్ 8 నుంచి మొదలైంది. అదీ సగం సీట్లతోనే.

ఆ ఏప్రిల్, మే, జూన్ నెలల్లో దేశ స్థూల ఉత్పత్తి అంతకుముందు ఏడాది అదే కాలంతో పోలిస్తే దాదాపు 24 శాతం పడిపోయిందని మొదటి అంచనాలు తెలిపాయి. వ్యాపారం, హోటళ్ళు, రవాణా, సమాచార సేవలను కలిపి లెక్కించే విభాగంలో ఆ పతనం దాదాపు 47 శాతం. అంటే దెబ్బ అందరికీ ఒకేలా తగలలేదు. మనిషి మనిషిని కలిస్తే తప్ప సాగని పనులకే అది ఎక్కువగా తగిలింది.

చిన్న హోటలు లెక్క

ఒక హోటలు ఎన్ని రోజుల నష్టాన్ని తట్టుకోగలదు? ఇక్కడ ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. అంకెలు నేను వేసుకున్నవి. మీ ఊరి హోటలు యజమానిని అడిగి మీరు సరిచేసుకోవచ్చు.

ఒక టిఫిన్ హోటలుకు రోజుకు 6,000 రూపాయల అమ్మకం ఉందనుకోండి. ఇందులో పప్పు, బియ్యం, నూనె, గ్యాసు వంటి వాటికి 3,300 రూపాయలు పోతుంది. అమ్మకం తగ్గితే ఈ ఖర్చూ తగ్గుతుంది కాబట్టి దీన్ని చర వ్యయం అంటారు. ఇక అద్దె, వంట మాస్టరుకూ ఇద్దరు పనివాళ్ళకూ కూలి, కరెంటు, అప్పు మీద వాయిదా కలిపి రోజుకు 2,300 రూపాయలు. ఒక్క ఇడ్లీ అమ్ముడుపోకపోయినా ఈ ఖర్చు తప్పదు. ఇది స్థిర వ్యయం. రెండూ పోగా యజమానికి మిగిలేది 400 రూపాయలు.

ఇప్పుడు గిరాకీ సగానికి పడిపోయిందనుకుందాం. అమ్మకం 3,000. చర వ్యయం 1,650. మిగిలింది 1,350. అందులోంచి స్థిర వ్యయం 2,300 తీసేస్తే రోజుకు 950 రూపాయల నష్టం. గిరాకీ సగమైతే లాభం కూడా సగమవుతుందని, అంటే 200 మిగులుతుందని మనం పొరపాటు పడతాం. నిజానికి లాభం పోయి నష్టం వచ్చింది. అసలు ఈ హోటలుకు లాభమూ నష్టమూ లేని స్థితి ఎక్కడుందో చూడండి. ప్రతి నూరు రూపాయల అమ్మకం మీద 45 రూపాయలు స్థిర వ్యయానికి మిగులుతాయి. 2,300ని 0.45తో భాగిస్తే సుమారు 5,111 వస్తుంది. అంటే అమ్మకం 15 శాతం తగ్గితే చాలు, యజమాని ఊరికే పనిచేస్తున్నట్టు లెక్క.

ఈ యజమాని దగ్గర 20,000 రూపాయల నిల్వ ఉందనుకుందాం. సగం గిరాకీతో నడిపితే అది 21 రోజులు వస్తుంది. పనివాళ్ళకు కూలి ఇస్తూ పూర్తిగా మూసేస్తే తొమ్మిది రోజులైనా రాదు. ఇది మన దేశానికే పరిమితమైన సంగతి కాదు. అమెరికాలో జేపీ మోర్గాన్ చేజ్ ఇన్‌స్టిట్యూట్ 2016లో సుమారు 6 లక్షల చిన్న వ్యాపారాల ఖాతాలను పరిశీలించింది. రాబడి ఆగిపోతే మధ్యస్థంగా ఒక చిన్న వ్యాపారం 27 రోజులు నెట్టుకురాగలదని, హోటళ్ళయితే 16 రోజులేనని తేల్చింది. సంపన్న దేశంలోనే పరిస్థితి అది.

ఈ లెక్క నుంచి ఒక ముఖ్యమైన సంగతి నేర్చుకోవాలి. చిన్న హోటలుకు కావలసింది ఎప్పుడో చేసే పెద్ద సహాయం కాదు. మొదటి రెండు, మూడు వారాల్లోనే అందే చిన్న సహాయం.

గిరాకీని తరిమింది చట్టమా, భయమా?

దుకాణాలు ఖాళీ కావడానికి ప్రభుత్వం విధించిన ఆంక్షలే కారణమని చాలామంది అభిప్రాయం. షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్థికవేత్తలు ఆస్టన్ గూల్స్‌బీ, చాడ్ సైవర్సన్ 2020లో దీన్ని పరీక్షించారు. అమెరికాలో పక్కపక్కనే ఉండి వేర్వేరు ఆంక్షలున్న ప్రాంతాలను, సెల్‌ఫోన్ల నుంచి వచ్చిన కదలికల సమాచారంతో పోల్చి చూశారు. దుకాణాలకు వచ్చేవారి రాకపోకలు మొత్తం 60 శాతం పాయింట్లు తగ్గాయి. అందులో చట్టపరమైన ఆంక్షల వాటా 7 పాయింట్లు మాత్రమే. మిగిలినదంతా జనం తమంతట తాము మానుకున్నదే. మరో విశేషం ఏమిటంటే, వచ్చిన కొద్దిమంది కూడా రద్దీగా ఉండే పెద్ద దుకాణాలను వదిలి, రద్దీ తక్కువగా ఉన్నవాటి వైపు మళ్ళారు.

మన దేశంలో లాక్‌డౌన్ చాలా కఠినంగా అమలైంది కాబట్టి ఆ నిష్పత్తి ఇక్కడ అలాగే ఉంటుందని చెప్పలేం. అయితే మూల సూత్రం ఒకటే. తలుపులు తెరిచినంత మాత్రాన గిరాకీ రాదు. "అక్కడికి వెళితే నాకేం కాదు" అన్న నమ్మకం ఉంటేనే వస్తుంది. ఆ నమ్మకం గుడ్డిది కాకూడదు. గాలి, నీరు, ఆహారం గురించిన నిజాల మీద నిలబడాలి.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. మా వీధి చివర ఒక చిన్న టిఫిన్ హోటలు ఉండేది. కాలేజీకి వెళ్ళేముందు పదేళ్ళకు పైగా అక్కడే నా ఉదయపు టిఫిను. 2020 జూన్‌లో హోటలు తెరిచారు. నేను వెళ్ళలేదు. లోపల కూర్చోవడానికి భయం. ఆ భయంలో తప్పు లేదు. కాని ఫోన్ చేసి పార్సెలు చెప్పి, గుమ్మం బయట నిలబడి తీసుకోవచ్చన్న ఆలోచన నాకు రాలేదు. వ్యాధి సంక్రమణ గురించి పిల్లలకు పాఠాలు చెప్పేవాణ్ణి, నా ప్లేటు ఇడ్లీ విషయంలో ఆ పాఠం వాడుకోలేదు. ఆ ఏడాది దసరా నాటికి హోటలు తీసేశారు. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. నా ఒక్కడి ఇడ్లీలతో ఆ హోటలు నిలిచేదని కాదు. కాని పైన వేసిన లెక్క చూశారు కదా, అమ్మకంలో 15 శాతమే దాని బతుకు. మా వీధిలో నాలాంటివాళ్ళు ఎంతమంది ఉన్నారో!

గాలి దారి

ఇప్పుడు అసలు ప్రశ్న. హోటల్లో కూర్చుంటే ప్రమాదం ఎందుకు? పార్సెలు తెచ్చుకుంటే ఎందుకు తక్కువ?

2020 జనవరి 24న చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో జరిగిన ఒక సంఘటన దీనికి మంచి జవాబు. ఆ రోజు చాంద్రమాన సంవత్సరాది ముందురోజు. కిటికీలు లేని ఒక ఎయిర్ కండిషన్డ్ రెస్టారెంటు మూడో అంతస్తులో మూడు కుటుంబాలు పక్కపక్క బల్లల దగ్గర భోజనం చేశాయి. ఒక కుటుంబం అంతకుముందు రోజే వూహాన్ నుంచి వచ్చింది. తర్వాత ఆ మూడు కుటుంబాల్లో కలిపి 10 మందికి కోవిడ్ సోకింది. అదే అంతస్తులో భోంచేసిన మిగతా 73 మందిలో ఎవరికీ సోకలేదు. వడ్డించిన 8 మంది సిబ్బందికీ సోకలేదు.

శాస్త్రవేత్తలు ఆ గదిలో గాలి ప్రవాహాన్ని పరిశీలించారు. ఆ మూడు బల్లలూ ఒకే ఎయిర్ కండిషనరు ఎదురుగా వరుసగా ఉన్నాయి. గాలి ఆ బల్లల మీదుగా వెళ్ళి, గోడకు తగిలి, మళ్ళీ అదే యంత్రంలోకి వచ్చి, తిరిగి అదే బల్లల మీదికి వీచింది. బయటి నుంచి కొత్త గాలి చాలా తక్కువ. ఒక్కొక్క మనిషికి సెకనుకు ఒక లీటరు కూడా లేదని తర్వాత జరిగిన అధ్యయనంలో తేలింది. ఇళ్ళు కాని భవనాల్లో ఒక్కొక్కరికి సెకనుకు కనీసం 10 లీటర్ల తాజా గాలి అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. ఆ గదిలో పదో వంతు కూడా లేదన్నమాట.

ఎయిర్ కండిషనరు గాలిని చల్లబరుస్తుంది కాని, మామూలు గది యంత్రం గాలిని మార్చదు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి. మనం మాట్లాడినప్పుడు, నవ్వినప్పుడు, దగ్గినప్పుడు నోటి నుంచి తుంపరలు వస్తాయి. పెద్దవి ఒకటి రెండు మీటర్లలో నేలకు రాలతాయి. మరీ చిన్నవి, అంటే ఏరోసాల్ కణాలు, అగరొత్తి పొగలాగా గాలిలో తేలుతూ చాలాసేపు ఉంటాయి. మూసిన గదిలో అగరొత్తి వెలిగిస్తే పొగ ఎలా పేరుకుంటుందో, కిటికీలు తెరిస్తే ఎలా చెదిరిపోతుందో మీరే చూడవచ్చు. హోటల్లో ఇబ్బంది ఏమిటంటే తినేటప్పుడు మాస్కు తీయక తప్పదు, అరగంటో గంటో కూర్చోక తప్పదు, కబుర్లు ఆపలేం.

ఆ రోజుల్లో చాలామంది కిరాణా పొట్లాలను సబ్బునీటితో కడిగారు. కరెన్సీ నోట్లకు ఇస్త్రీ చేసినవారు కూడా ఉన్నారు. కలుషితమైన వస్తువును ఒకసారి తాకడం వల్ల కోవిడ్ సోకే అవకాశం పదివేలలో ఒక వంతు కంటే తక్కువని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2021 ఏప్రిల్‌లో తెలిపింది. చేతులు కడుక్కోవడం ఎప్పుడూ మంచి అలవాటే. కాని మన శ్రద్ధంతా పొట్లాల మీద పెట్టి కిటికీల సంగతి మరిచిపోయాం.

అయితే ప్రతి వ్యాధికీ దారి ఒకటే కాదు. 1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్ పరిసరాల్లో కలరా చెలరేగినప్పుడు డాక్టర్ జాన్ స్నో ఇంటింటికీ తిరిగి విచారించాడు. అక్కడి ఒక కాఫీ దుకాణం యజమానురాలు తన ఖాతాదారుల్లో తొమ్మిది మంది అప్పటికే చనిపోయారని చెప్పింది. ఆమె భోజనంతోపాటు ఆ వీధి పంపు నీళ్ళే ఇచ్చేది. అక్కడ కిటికీలు తెరిచినా ఉపయోగం లేదు, నీళ్ళు మార్చాలి. కాబట్టి మొదటి నియమం ఇది: ముందు వ్యాధి దారి కనుక్కోండి, తర్వాత ఆ దారిని మాత్రమే మూయండి. అన్ని దారులూ మూస్తే బతుకులు ఆగిపోతాయి. వేరే దారి మూస్తే ప్రాణాలు పోతాయి.

ఇరవై మంది, నూట తొంభై జతలు

ఇక గణితానికి వద్దాం. ఒక హోటలు గదిలో 20 మంది కూర్చున్నారు. వ్యాధి ఒకరి నుంచి ఇంకొకరికి పోవాలంటే ఇద్దరు మనుషులు కావాలి. 20 మందిలో ఎన్ని జతలు ఏర్పడతాయి? 20ని 19తో గుణించి 2తో భాగిస్తే 190. అదే గదిలో 10 మందినే కూర్చోబెడితే? 10ని 9తో గుణించి 2తో భాగిస్తే 45. మనుషులు సగమయ్యారు. జతలు మాత్రం పావు వంతుకంటే తగ్గాయి.

మరి సగం గిరాకీతో హోటలు ఎలా బతుకుతుంది? ఆ 20 మందినే రెండు విడతలుగా, పదేసి మంది చొప్పున కూర్చోబెడితే? జతలు 45, 45 కలిపి 90. అమ్మకం ఒక్క రూపాయి కూడా తగ్గలేదు. ప్రమాదానికి అవకాశం సగానికి పడిపోయింది! పెళ్ళి భోజనాల్లో బంతులు వేయడం మనకు తెలిసినదే కదా. ఒక బంతి లేచాక కొంతసేపు తలుపులు, కిటికీలు బార్లా తెరిచి, గది గాలి మారాక రెండో బంతి వేస్తే సరిపోతుంది.

గాలి లెక్క కూడా చూడండి. గది పొడవు 6 మీటర్లు, వెడల్పు 5, ఎత్తు 3 అయితే ఘనపరిమాణం 90 ఘనపు మీటర్లు. 20 మందికి సెకనుకు 10 లీటర్ల చొప్పున 200 లీటర్లు కావాలి. గంటకు 720 ఘనపు మీటర్లు. అంటే గదిలోని గాలి గంటకు 8 సార్లు పూర్తిగా మారాలి. 10 మందే ఉంటే 4 సార్లు చాలు. వంటింటి వైపు ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను, ఎదురువైపు తెరిచిన కిటికీ ఉంటే చిన్న హోటలుకు ఇది అసాధ్యం కాదు. బల్లలు ఆరుబయట వేయగలిగితే ఈ లెక్కతో పనే లేదు. మన రోడ్డు పక్క టీ బండి ఈ విషయంలో చలువ గదుల రెస్టారెంటు కంటే సురక్షితమని మీకు ఇప్పుడు అర్థమై ఉంటుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. జతలన్నింటికీ ప్రమాదం సమానమని, గదిలోకి వచ్చే గాలి మారలేదని అనుకుని వేసిన లెక్క ఇది. దగ్గరగా కూర్చున్నవారికి ప్రమాదం ఎక్కువ. ఒకే ఇంటివారికి ఇది పెద్దగా వర్తించదు. అయినా దిశ మాత్రం సరైనదే.

మంచి ఉద్దేశం ఒక్కటే చాలదు

హోటళ్ళను ఆదుకోవాలని బ్రిటన్ ప్రభుత్వం 2020 ఆగస్టులో ఒక పథకం పెట్టింది. సోమ, మంగళ, బుధ వారాల్లో హోటల్లో కూర్చుని తింటే బిల్లులో సగం, మనిషికి 10 పౌండ్ల వరకు, ప్రభుత్వమే భరించింది. 16 కోట్లకు పైగా భోజనాలకు ఈ రాయితీ అందింది. ఖర్చు 84.9 కోట్ల పౌండ్లు. హోటళ్ళు ఆ రోజుల్లో నిండిపోయాయి. కాని వార్విక్ విశ్వవిద్యాలయానికి చెందిన థీమో ఫెట్జర్ అనే ఆర్థికవేత్త అధ్యయనం ప్రకారం, ఆ కాలంలో కొత్తగా బయటపడిన సంక్రమణ సమూహాల్లో 8 నుంచి 17 శాతం వరకు ఈ పథకం వల్లనే ఏర్పడ్డాయి. రాయితీ కూర్చుని తినేవారికే ఇచ్చారు, పార్సెలు తీసుకునేవారికి ఇవ్వలేదు. అదే డబ్బును పార్సెళ్ళకు, ఆరుబయట బల్లలకు, గాలి వసతికి ఇచ్చి ఉంటే ఎలా ఉండేదో ఆలోచించండి. దుకాణాన్ని ఆదుకోవడమంటే గుంపుగా వెళ్ళడం కాదు.

కోడి చేసిన తప్పేమిటి?

దీనికి ఎదురు పొరపాటు కూడా ఉంది. అది కారణం లేని భయం. 2020 ఫిబ్రవరి, మార్చి నెలల్లో కోడిమాంసం తింటే కరోనా వస్తుందన్న పుకారు సెల్‌ఫోన్లలో పాకింది. ధరలు కుప్పకూలాయి. కోళ్ళ రైతులు, వీధుల్లోని చికెన్ కొట్లవాళ్ళు తీవ్రంగా నష్టపోయారు. ఫిబ్రవరి చివర్లో హైదరాబాదులో తెలంగాణ మంత్రులు వేదిక మీద కోడిమాంసం తిని చూపించవలసి వచ్చింది. కోడికీ, మనుషుల మధ్య వ్యాపించే ఆ వైరస్‌కూ సంబంధం లేదు.

బర్డ్ ఫ్లూ సంగతి వేరు. అది నిజంగానే కోళ్ళకు వచ్చే వ్యాధి. మన దేశంలో కోళ్ళలో మొదటిసారి 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్‌లో బయటపడింది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లోనూ కనిపించింది. అప్పుడు కూడా ప్రమాదం జబ్బుపడిన కోళ్ళను చేతులతో పట్టుకునేవారికే ఎక్కువ. మాంసం లోపలి భాగం 70 డిగ్రీల సెల్సియస్ దాటేలా వండితే ఆ వైరస్ నశిస్తుంది. మనం కూరను ఉడికించేది దాదాపు 100 డిగ్రీల దగ్గర. కాబట్టి ఒక పుకారును ముందుకు పంపకుండా మీ సెల్‌ఫోన్‌లోనే ఆపడం కూడా ఒక దుకాణాన్ని ఆదుకోవడమే. దానికి పైసా ఖర్చు లేదు.

మనం ఏం చేయవచ్చు?

మొదటిది, అరువు తీర్చడం. లాక్‌డౌన్‌లో పనులు పోయిన కుటుంబాలకు ఖాతా పుస్తకంలో రాసుకుని బియ్యం, పప్పు ఇచ్చింది ఎవరు? వీధి కిరాణా కొట్టువారే. మనం వారిని ఆదుకోవడం గురించి మాట్లాడుతున్నాం కాని ముందుగా వారే మనల్ని ఆదుకున్నారు. కొట్టువాడు హోల్‌సేల్ వ్యాపారికి సొమ్ము కడితేనే మళ్ళీ సరుకు వస్తుంది. జీతం ఆగనివారు పాత బాకీ వెంటనే తీర్చితే, పని పోయినవారికి అరువిచ్చే శక్తి కొట్టువారికి మిగులుతుంది.

రెండవది, నేరుగా కొనడం. హోటలుకు ఫోన్ చేసి చెప్పి, మనమే వెళ్ళి బయట నిలబడి తెచ్చుకోవచ్చు. మన ఉదాహరణలో 100 రూపాయల అమ్మకం మీద 45 రూపాయలు మిగులుతాయి. డెలివరీ యాప్ కమీషను 20 రూపాయలు అనుకుంటే మిగిలేది 25. నడవలేని వృద్ధులకు, జబ్బుపడినవారికి యాప్ ఎంతో ఉపయోగం. నడవగలిగినవారు నడవడం మేలు.

మూడవది, ముందుగా చెల్లించడం. నెలకు సరిపడా టిఫిను డబ్బు ముందే ఇచ్చి, రోజూ తీసుకుంటూ పోవచ్చు. మెస్సుల్లో నెల టికెట్లు కొనడం మన విద్యార్థులకు కొత్త కాదు. ఆ మొదటి మూడు వారాల గండం గడవడానికి ఇది పనికివస్తుంది.

నాలుగవది, వేళ మార్చుకోవడం. ఉదయం 8 గంటలకు అందరూ కలిసి వెళ్ళే బదులు కొందరు 7కు, కొందరు 9కి వెళితే అమ్మకం అంతే ఉంటుంది, జతలు తగ్గుతాయి.

అయిదవది, అన్నింటికన్నా కష్టమైనది. జ్వరం వచ్చిన పనివాడు ఇంట్లో ఉండగలగాలి. ఒక రోజు కూలి పోతే పొయ్యి వెలగని మనిషి జ్వరం దాచిపెట్టి పనికి వస్తాడు. అతన్ని తప్పుపట్టడం సులభం. నలుగురు ఖాతాదారులు కలిసి ఆ వారం కూలి సర్దితే హోటలూ నిలుస్తుంది, వీధికీ రక్ష. మనకే జ్వరమో దగ్గో ఉంటే కొట్టుకు వెళ్ళకుండా ఉండడమే మనం చేసే సహాయం.

ప్రభుత్వం చేయవలసినది

ఇరుగుపొరుగు మంచితనం ఎంత ఉన్నా నెలల తరబడి మూతను తట్టుకోలేదు. అందుకే ప్రభుత్వ సహాయం కావాలి. కేంద్ర ప్రభుత్వం 2020 జూన్ 1న వీధి వ్యాపారుల కోసం పీఎం స్వనిధి పథకం ప్రారంభించింది. హామీ లేకుండా 10,000 రూపాయల వరకు నిర్వహణ మూలధనం అప్పుగా ఇచ్చి, సకాలంలో తీర్చినవారికి 7 శాతం వడ్డీ రాయితీ కల్పించింది. 2025లో ఈ పథకాన్ని 2030 మార్చి వరకు పొడిగించి, మొదటి విడత అప్పును 15,000 రూపాయలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా 2020 నవంబరులో జగనన్న తోడు పేరుతో చిరు వ్యాపారులకు 10,000 రూపాయల సున్నా వడ్డీ రుణాలు మొదలుపెట్టింది.

ఇక్కడ ఒక తేడా గమనించండి. అప్పు మళ్ళీ మొదలుపెట్టేవారికి ఉపయోగపడుతుంది. తోపుడు బండివాడు ఆ డబ్బుతో సరుకు కొని, అమ్మి, తీర్చగలడు. కాని మూసివేసిన కాలంలో వచ్చిన నష్టాన్ని అప్పుతో పూడ్చితే, ఆ నష్టం పోదు, రేపటికి వాయిదా పడుతుంది. మన హోటలు లెక్కలో రోజుకు 400 రూపాయలు మిగిలే మనిషి 20,000 రూపాయల నష్టం పూడ్చుకోవాలంటే, ఇంట్లో ఒక్క రూపాయి ఖర్చు చేయకుండా 50 రోజులు పనిచేయాలి. అందరి ఆరోగ్యం కోసం కొందరి తలుపులు మూయించినప్పుడు, ఆ ఖర్చు అందరూ పంచుకోవడం న్యాయం. అద్దెలో కొంత, కూలిలో కొంత సహాయంగానే ఇవ్వడం అలాంటి పంపకం.

మీరు చేసి చూడండి

1. మీ వీధిలోని ఒక హోటలు లేదా కొట్టు యజమాని అనుమతితో స్థిర వ్యయం, చర వ్యయం కనుక్కోండి. అమ్మకం ఎంత శాతం తగ్గితే లాభం సున్నా అవుతుందో లెక్కించండి. వారి అంకెలు ఇంకెవరికీ చెప్పకండి.

2. మీ తరగతి గది కొలతలు తీసుకుని, మనిషికి సెకనుకు 10 లీటర్ల చొప్పున గంటకు గాలి ఎన్నిసార్లు మారాలో కనుక్కోండి.

3. 30 మందిని ఒకే విడతగా, తర్వాత మూడు విడతలుగా కూర్చోబెడితే జతల సంఖ్య ఎలా మారుతుందో పట్టిక వేయండి.

4. 2020లో మీ వీధిలో ఉండి, ఇప్పుడు లేని దుకాణాల పేర్లు పెద్దలను అడిగి రాయండి. అవి ఎందుకు పోయాయో విచారించండి.

విద్యార్థులారా, ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందని 2023 మే 5న ప్రకటించింది. అంటువ్యాధులు మాత్రం ముగియలేదు, ముగియవు. మరొకటి వచ్చినప్పుడు మీరు పెద్దవాళ్ళై ఉంటారు. మీలో కొందరు డాక్టర్లు, కొందరు అధికారులు, కొందరు కొట్టు యజమానులు అయి ఉంటారు. ఆ రోజు అందరికంటే ముందు ఒక ప్రశ్న అడగండి: ఈ వ్యాధి ఏ దారిన వస్తోంది? జవాబు దొరికాక మీ వీధి హోటలుకు ఫోన్ చేయండి. నేను చేయనిది అదే.